పసుపు రుమాలు: జపాన్ మాతృక మేలా, అమెరికా రీమేక్ మేలా?

కోనసీమవాళ్లకు 2008 నాటి అమెరికా చిత్రం ‘ది ఎల్లో హ్యాండ్‌కర్చీఫ్’ ఇట్టే దగ్గరవుతుంది. కత్రినా తుపాను తర్వాతి లూసియానాలోని నీటిపాయలు, పాడుబడ్డ ఇళ్లు చూస్తుంటే, 1996 నవంబరు తుపానుకు మొవ్వులు విరిగిన మన కొబ్బరితోటలే నా కళ్లముందు కదిలాయి. అయినా రెండింటినీ వెంటవెంటనే చూశాక నా మొగ్గు 1977లో యోజి యమడ తీసిన మాతృకవైపే.

రెండింటిలోనూ జైలు నుంచి విడుదలైన ఒక నడివయసు మనిషి, దారిలో కలిసిన యువతీయువకులతో కారులో ఇంటిదారి పడతాడు. ఉదయన్ ప్రసాద్ తీసిన రీమేక్‌లో ఆ మనిషిగా నటించిన విలియం హర్ట్ మౌనం నిజంగా గొప్పది. కానీ గతం అక్కడ ముక్కలుముక్కలుగా ముందునుంచే తెలిసిపోతూ ఉంటుంది. మాతృకలో మాత్రం పోలీసుల తనిఖీలో దొరికిపోయేదాకా ఆ మనిషి తన జైలు సంగతి బయటపెట్టడు. అతడు జైలు నుంచి వచ్చాడని మనకు తెలిసినా, ఎందుకు వెళ్లాడో ఆ యువజంటలాగే మనకూ అప్పటిదాకా తెలియదు. పీత తిని కడుపు చెడిన కుర్రవాడి అవస్థవంటి హాస్యం కూడా ఆ కథ బరువును మోయడానికి తోడ్పడింది.

ఇక మాతృకలో మరువలేనిది తొలి భోజనం. అబషిరి జైలు నుంచి వచ్చిన ఆ మనిషిగా నటించిన కెన్ తకకురా చిన్న హోటల్లో బీరు గ్లాసును రెండు చేతులా పట్టుకొని, తలవంచి, ఒక్క గుక్కలో తాగేస్తాడు. లోపల గడిచిన కాలం ఎంత పొడుగో ఆ పట్టులోనే తెలుస్తుంది. రాజమహేంద్రవరంలో సెంట్రల్ జైలు మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు ఆ చేతులే గుర్తొస్తున్నాయి.

మన ఇళ్లలో పసుపు శుభానికి గుర్తు కనుక ఆ రుమాలు మనకు సులువుగా అర్థమవుతుంది. అయితే మాతృక ఆ అర్థాన్ని కథలోంచే సంపాదించుకుంటుంది. బిడ్డ కడుపున పడితే పసుపు రుమాలు ఎగరేస్తానని భార్య ఒకప్పుడు అన్నది. ఆ బిడ్డ దక్కలేదు. విడుదలయ్యాక అతడు, తనకోసం ఇంకా ఎదురుచూస్తుంటే అదే గుర్తును మళ్లీ ఎగరేయమని ఆమెను అడుగుతాడు. చివరికి యూబరి గనుల ఊళ్లో కర్రనిండా రుమాళ్లు రెపరెపలాడుతుంటే, ఆలుమగల కలయికను కెమెరా దూరాన నిలబడే చూస్తుంది. వాళ్ల మాటలేవీ మనకు వినిపించవు.