క్లైంబర్ల క్యాంప్‌సైట్లు: ఒంటరిగా, నెలల తరబడి ఉండి చూశాక

విదేశంలో ఒంటరిగా నెలల తరబడి రాక్ క్లైంబింగ్‌కి వెళ్దామనుకునేవాళ్లు బస గురించి అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే: రాత్రికి ఎంత అన్నది ఆఖర్న చూడండి. ముందు చూడాల్సినవి రెండు. అక్కడి నుంచి క్రాగ్‌కి, అంటే మనం ఎక్కే రాతి గోడలకి, నడిచి వెళ్లగలమా? అక్కడ మనకు బిలే చేసే మనిషి, అంటే మనం ఎక్కుతుంటే కింద నుంచి తాడు పట్టి కాచే పార్ట్‌నర్, దొరుకుతారా? ఈ రెండూ ఉన్న చోటు, సిటీలోని హాస్టల్ కన్నా కాస్త ఎక్కువ అడిగినా, నెల తిరిగేసరికి చవకే పడుతుంది. ఎన్నో సీజన్లు టెంట్లలో, డార్మిటరీల్లో, అద్దె గదుల్లో, కొండ మీది హట్లలో ఉన్నాక ఈ విషయంలో నాకు సందేహం లేదు. అందుకే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నది క్లైంబర్ల కోసమే నడిచే క్యాంప్‌సైట్ల గురించి.

లెక్క సులువు. సిటీలో చవక బెడ్ తీసుకుంటే రోజూ క్రాగ్‌కి పోయి రావాలి. క్రాగ్‌లు చాలావరకు బస్సు వెళ్లని చోటే ఉంటాయి. కారు అద్దెకు తీసుకుంటే ఇద్దరు ముగ్గురు పంచుకోవాల్సిన ఖర్చు ఒక్కరి నెత్తిన పడుతుంది. పైగా హాస్టల్లో సాయంత్రం పరిచయమయ్యేవాళ్లు మర్నాడు మ్యూజియం చూడ్డానికి పోయేవాళ్లు. పార్ట్‌నర్ దొరకని రోజు బెడ్‌కి, తిండికి పెట్టిన డబ్బు ఊరికే పోయినట్టే. వారంలో రెండు రోజులు అలా పోతే ఆ బెడ్ ఇంక చవకేం కాదు.

నేను అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉన్నది టర్కీలోని గెయిక్‌బాయిరిలో. అంటాల్యా నుంచి దాదాపు 25 కిలోమీటర్లు. సున్నపురాయి గోడలకు నడక దూరంలోనే క్యాంప్‌సైట్లు ఉన్నాయి. టెంట్ వేసుకోవచ్చు, చిన్న బంగ్లా గది తీసుకోవచ్చు. కానీ అసలు విలువంతా ఉమ్మడి వంటగదిలో ఉంది. పొడవాటి బల్ల, నాలుగైదు బర్నర్లు, వెళ్లిపోయినవాళ్లు వదిలేసిన పాస్తా, పప్పులు, సగం వాడిన గ్యాస్ డబ్బాలు పెట్టిన అర, పక్కన గోడకి ఒక బోర్డు. బోర్డు మీద రాతలు ఇలా ఉంటాయి: "రేపు పొద్దున, 6బి నుంచి 6సి దాకా, 70 మీటర్ల రోప్ ఉంది, క్విక్‌డ్రాలు లేవు." (6బి, 6సి అంటే రూట్ ఎంత కష్టమో చెప్పే గ్రేడ్లు, క్విక్‌డ్రాలంటే గోడకున్న బోల్ట్‌లకి తాడు తగిలించే క్లిప్పులు.) కింద ఇంకొకరి చేతిరాత: "క్విక్‌డ్రాలు నా దగ్గరున్నాయి, ఎనిమిదింటికి బల్ల దగ్గర." పార్ట్‌నర్ కోసం ఇంతకన్నా ఏమీ చేయక్కర్లేదు. బోర్డు మీద రాయడానికి మొహమాటం ఉన్నవాళ్లకి కూడా ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కనున్న మనిషి "రేపు ఎక్కడికి?" అని అడిగేస్తారు. ఒంటరిగా వెళ్లినవాళ్లకి మొదటి వారం ఉండే టెన్షన్ అక్కడ రెండో సాయంత్రానికే పోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. వంటగదిలో బాగా మాట్లాడే మనిషి బిలే కూడా బాగా చేస్తారని గ్యారంటీ లేదు. కొత్త పార్ట్‌నర్‌తో మొదటి రోజు సులువైన రూట్లే ఎక్కండి. బ్రేక్ వైపు రోప్ (పడితే ఆపడానికి పట్టుకునే వైపు) మీంచి చెయ్యి తీస్తున్నారా, అవసరానికి మించి స్లాక్ (వదులు తాడు) వదులుతున్నారా, ఎక్కే ముందు మీ ముడి తాము చూసి తమ బిలే డివైస్ మీకు చూపిస్తున్నారా, రోప్ చివర ముడి వేస్తున్నారా అన్నవి చూడండి. నచ్చకపోతే మర్యాద కోసం రెండో రోజు వెళ్లకండి. మంచి క్యాంప్‌సైట్‌లో ఉంటే "రేపు వేరేవాళ్లతో వెళ్తున్నా" అని చెప్పడం తేలిక, ఎందుకంటే నిజంగానే వేరేవాళ్లు ఉంటారు. పార్ట్‌నర్ ఒక్కరే దొరికే చోట ఆ మాట నోరు దాటదు. ప్రమాదం అక్కడే.

లోపాలూ ఉన్నాయి. నెలల తరబడి టెంట్‌లో పడుకుంటే ఒళ్లు కోలుకోవడం మందగిస్తుంది. వేళ్లు, భుజాలు బాగా అలిసిన వారంలో నేల మీది నిద్ర సరిపోదు. అంటాల్యా వైపు డిసెంబర్, జనవరిలో వానలు జోరుగా పడతాయి. బట్టలు ఆరవు, రోప్ తేమగా ఉంటుంది, స్లీపింగ్ బ్యాగ్ వాసన పడుతుంది. రాత్రి కబుర్లు సాగుతూనే ఉంటాయి కాబట్టి ఇయర్‌ప్లగ్స్ లేకుండా వెళ్లొద్దు. అక్కడి నుంచి ఆన్‌లైన్ పని చేసుకునేవాళ్లు వైఫై మీద ఆశ పెట్టుకోకుండా ఫోన్ డేటా ఏర్పాటు చేసుకోవాలి. నేను పాటించే పద్ధతి, పొడి వారాల్లో టెంట్, వాన వారాల్లో బంగ్లా. ఒకే చోట ఉంటూ ఇలా మారతానంటే ఓనర్లు మామూలుగా ఒప్పుకుంటారు, అటూ ఇటూ కలిపి ఒక రేటు కూడా మాట్లాడుకోవచ్చు.

గ్రీస్‌లోని కాలిమ్నోస్ దీనికి పూర్తిగా వేరు. అదొక దీవి, ఎక్కువమంది కోస్ దీవి నుంచి ఫెర్రీలో వెళ్తారు. మాసూరి, అర్మియోస్, మిర్తియెస్ ఊళ్లలో చిన్న వంటగది ఉన్న స్టూడియోలు అద్దెకిస్తారు. గ్రాండే గ్రోటా లాంటి పేరున్న గోడలకు అక్కడి నుంచి నడిచిపోవచ్చు. గది శుభ్రంగా ఉంటుంది, నిద్ర బాగుంటుంది, ఎదురుగా టెలెండోస్ దీవి. అయితే అక్టోబర్‌లో జనం విపరీతం, ఒక్కరికే స్టూడియో అంటే భారం. శీతాకాలానికి మాసూరిలో చాలావరకు మూసేస్తారు కాబట్టి రేటు తగ్గినా మనుషులుండరు. తలుపు వేసుకుంటే ఎవరి గది వాళ్లది, ఉమ్మడి బల్ల లేదు. పార్ట్‌నర్‌ని వెతకడానికి కేఫ్‌లకీ, గేర్ షాపులకీ తిరగాలి. నా అభిప్రాయంలో అక్కడ ఒంటరిగా నెల ఉండడం కన్నా, ఇంకెక్కడైనా క్యాంప్‌సైట్‌లో పరిచయమైన మనిషితో స్టూడియో పంచుకుని మూడు వారాలు ఉండడం మేలు.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్‌లో ఉన్న క్యాంప్ 4 అనే క్యాంప్‌సైట్ అమెరికా క్లైంబింగ్ చరిత్రకి పుట్టిల్లు. 2003లో దాన్ని అక్కడి జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌లో చేర్చారు. ఒక్కో సైట్‌లో ఆరుగురిని కలిపి వేస్తారు కాబట్టి ఒంటరి క్లైంబర్‌కి పరిచయాలు వెంటనే అవుతాయి. తిండి, సబ్బు, టూత్‌పేస్ట్ సహా వాసన వచ్చేదేదైనా ఎలుగుబంట్లకు అందకుండా ఇనుప లాకర్లో పెట్టాల్సిందే. కానీ నెలల ట్రిప్‌కి అది కుదరదు. పార్క్‌లో ఏడాదికి 30 రాత్రులే క్యాంపింగ్ చేయనిస్తారు. మే 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు 14 రాత్రులే, అందులోనూ క్యాంప్ 4 ఉన్న వ్యాలీలో 7కి మించి కుదరదు.

ఆల్ప్స్ హట్ల గురించి కొంచెమే చెప్తాను. అక్కడ పరుపుల వరుసలో పడుకోవాలి, స్లీపింగ్ బ్యాగ్ లైనర్ (పల్చటి గుడ్డ సంచి) మనదే తీసుకెళ్లాలి. పెద్ద రూట్ ముందు రాత్రికి అంతకన్నా మంచి చోటు లేదు, వారాల తరబడి ఉంటే మాత్రం జేబు ఖాళీ. ఆస్ట్రియన్ ఆల్పైన్ క్లబ్‌లో ఏ దేశం వాళ్లైనా చేరవచ్చు. సభ్యులకి హట్లలో తగ్గింపుతో పాటు రెస్క్యూ ఖర్చుల బీమా కూడా వస్తుంది. ఒంటరిగా తిరిగేవాళ్లకి ఆ బీమా ఒక్కటి చాలు, సభ్యత్వం డబ్బు గిట్టుబాటైనట్టే.

బసకీ వీసాకీ ఉన్న లంకె చాలామంది ఆలస్యంగా పట్టించుకుంటారు. షెంగెన్ దేశాల్లో (ఒకే ఉమ్మడి వీసాతో తిరిగే యూరప్ దేశాలు) ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజులకు మించి ఉండకూడదు. వీసా మీద అంతకన్నా తక్కువ రోజులే రాసి ఉండవచ్చు. గ్రీస్, స్పెయిన్ రెండూ షెంగెన్‌లోవే. టర్కీ బయటి దేశం, దాని వీసా వేరు. కాబట్టి పొడవాటి ట్రిప్‌ని, ఒక్కో వీసాలో ఇచ్చిన రోజుల్ని బట్టి, కొంత అటు, కొంత ఇటు పెట్టుకుంటే రోజులు కలిసొస్తాయి. షెంగెన్ వీసాకి బస రుజువు కావాలి, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ బీమా కావాలి. ఆ బీమా తాడు కట్టుకుని ఎక్కే క్లైంబింగ్‌కి వర్తిస్తుందో లేదో విడిగా చదవాలి. క్యాంప్‌సైట్ ఓనర్‌ని అడిగితే పేరు, తేదీలతో కన్ఫర్మేషన్ మెయిల్ ఇస్తారు. రోజుకి కొన్ని గంటలు పని చేస్తే బస ఉచితం అనే ఏర్పాట్లూ ఉంటాయి. జీతం లేకపోయినా చాలా దేశాల్లో అది ఉద్యోగం కిందికే వస్తుంది, టూరిస్ట్ వీసా మీద చెల్లదు. నేను వాటి జోలికి పోను.

ఇక వెతకడం. బుకింగ్ యాప్‌లలో కనిపించేవి సగమే. క్లైంబింగ్ గైడ్‌బుక్ మొదటి పేజీల్లో బసల వివరాలుంటాయి, అక్కడి నుంచి ఓనర్‌కి నేరుగా రాయండి. ఒకచోట "క్రాగ్‌కి పది నిమిషాలు" అని చూసి వెళ్తే అది కారులో పది నిమిషాలు. నడిస్తే గంటకు పైగా ఎక్కుడు రోడ్డు. నెల డబ్బు ముందే కట్టించుకున్నారు, తిరిగి ఇచ్చేది లేదన్నారు. అప్పట్నుంచీ మూడు రాత్రులకే డబ్బు కడతాను, నెల రేటు అక్కడికెళ్లి ముఖాముఖి మాట్లాడతాను. మ్యాప్‌లో దూరంతో పాటు ఎత్తు కూడా చూస్తాను. వానాకాలంలో తెరిచి ఉంటారా, ఎన్ని బర్నర్లు, బట్టలు ఆరేసే చోటుందా, సరుకుల కొట్టుకి నడక ఎంత అని ముందే అడుగుతాను.

బౌల్డరింగ్ వాళ్లకి, అంటే తాడు లేకుండా తక్కువ ఎత్తు బండలెక్కేవాళ్లకి, ఈ లెక్కంతా మారిపోతుంది. బిలే అక్కర్లేదు కానీ పడితే కింద మందపాటి పరుపుల్లాంటి ప్యాడ్‌లు కావాలి, పట్టుకునే మనుషులు కావాలి. ప్యారిస్‌కి ఆగ్నేయంగా ఉన్న ఫాంటెన్‌బ్లోలో బండరాళ్లు పెద్ద అడవి నిండా చెల్లాచెదురుగా ఉంటాయి, కారు లేకుండా కష్టం. అక్కడి అద్దె ఇళ్లు గుంపులకి సరిపడేవి. కాబట్టి ఒక్కరికి గది వెతకడం మానేసి, ముందే ఒక గ్రూప్‌ని చూసుకుని వాళ్లు తీసుకున్న ఇంట్లో ఒక మంచానికి డబ్బు కట్టండి. కారులో సీటు, ప్యాడ్‌లు దాంతోపాటే వస్తాయి.