పాత బైబిలా, కొత్త అనువాదమా: 'వాడు', 'అది', 'వారు' మాటల్లో ఏది మేలు?

సంఘానికి కొత్తగా బైబిళ్లు కొందామంటే మా నల్లగొండ, పాలమూరు వైపు చర్చ ఎక్కువసేపు సాగదు. 'మన పాతదే తెప్పించండి' అంటారు పెద్దలు. బైబిల్ సొసైటీ అచ్చువేసే ఆ గ్రాంథిక అనువాదమే పుల్పిట్ మీదా, పెళ్లిలోనూ, సమాధి దగ్గరా వినిపిస్తుంది. అయితే ఫోన్లు వచ్చాక వేరే బైబిళ్లు కూడా సంఘంలోకి వచ్చేశాయి. ఈజీ టు రీడ్ వాళ్ల వాడుక తెలుగు బైబిల్ ఒకటి, బిబ్లికా వాళ్ల సమకాలీన అనువాదం ఇంకొకటి. రోమా పత్రిక పన్నెండో అధ్యాయం తీసి పాస్టరు అయ్యగారు 'సహోదరులారా' అని చదువుతుంటే, చాప మీద కూర్చున్న డిగ్రీ పిల్ల ఫోన్‌లో 'సహోదరీ సహోదరులారా' అని ఉంటుంది. ఆ 'సహోదరీ' ఎక్కడి నుంచి వచ్చింది? వాక్యానికి ఏదీ కలపకూడదు కదా? పేచీ అక్కడ మొదలవుతుంది.

ఇంగ్లీషు బైబిళ్ల విషయంలో ఈ తగువు ఎప్పటి నుంచో ఉంది. 1989లో వచ్చిన ఎన్ఆర్ఎస్‌వి అనే ఇంగ్లీషు అనువాదం, స్త్రీపురుషులిద్దరికీ వర్తించే మాట అనుకున్న చోట పురుషవాచకాన్ని తగ్గించింది. ఎన్ఐవి అనే ఇంకో అనువాదాన్ని కూడా ఆ దారిలో సవరిస్తున్నారని తెలిసి 1997లో అమెరికాలో దుమారం లేచింది. కొందరు కొలరాడో స్ప్రింగ్స్‌లో కూర్చుని ఎక్కడ మార్చవచ్చు, ఎక్కడ కూడదు అని నియమాలు రాశారు. అయినా ఎన్ఐవి సవరణే టిఎన్ఐవి పేరుతో 2002లో కొత్త నిబంధనగా, 2005లో మొత్తం బైబిల్‌గా వచ్చింది. ఆ ధోరణి నచ్చనివాళ్ల చేతికి 2001లోనే ఈఎస్‌వి అనే వేరే అనువాదం అందింది. 2011 నాటి ఎన్ఐవి కొన్ని మార్పులు ఉంచుకుని కొన్ని వదులుకుంది. అమెరికాలోని సదరన్ బాప్టిస్టు సంఘాలవాళ్లు అదే ఏడాది దాన్ని కూడా తప్పుపడుతూ తీర్మానం చేశారు.

'అది వాళ్ల గొడవ, మనకెందుకు' అనేవాళ్ల మాటలో సగం నిజముంది. ఇంగ్లీషులో ఒక మనిషి గురించి ఆడో మగో చెప్పకుండా మాట్లాడటం కష్టం. మనకు 'వారు' ఉంది. ఆడా మగా ఇద్దరూ అందులో ఇముడుతారు, మర్యాద కూడా దక్కుతుంది. కొండమీది ప్రసంగంలో 'సమాధానపరచువారు ధన్యులు' అని పాత బైబిలే అంటుంది. దానితో ఎవరికీ పేచీ లేదు.

ఇక 'సహోదరులారా' సంగతి. ఇక్కడ కొత్తవాళ్ల వైపే న్యాయం ఉంది. ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు 'సహోదరులారా' అని మొదలుపెట్టి, వెంటనే యువొదియను, సుంటుకేను ఏకమనస్సుతో ఉండమని బతిమాలతాడు. వాళ్లిద్దరూ స్త్రీలు. ఆ పిలుపులో వాళ్లు లేకపోతే బతిమాలడం దేనికి? సమూయేలు రెండో గ్రంథంలో 'అతడు నాకు కుమారుడు' అన్న వాగ్దానాన్ని కొరింథీయులకు రాసేటప్పుడు పౌలే 'కుమారులును కుమార్తెలునై యుందురు' అని విప్పి చెప్పాడు. అపొస్తలుడే 'కుమార్తెలు' అని చేర్చాక, అనువాదకుడు 'సహోదరీ' అని చేర్చాడని కోప్పడటం నాకు సబబుగా తోచదు.

మొదటి కీర్తన దగ్గర మాత్రం నేను పాత పక్షం. 'ధ్యానించువాడు ధన్యుడు' అని ఉన్నది మన బైబిల్. పాత నిబంధన మూల భాష హెబ్రీలోనూ అక్కడ ఏకవచనమే, పురుషుణ్ని సూచించే మాటే. దాన్ని 'ధన్యులు' అని బహువచనం చేస్తే చెవికి ఇంపుగానే ఉంటుంది కానీ పద్యంలో ఉన్న పోలిక చెడుతుంది. దుష్టులు, పాపులు, అపహాసకులు గుంపుగా ఒకవైపు ఉంటే, ఎదురుగా నిలబడ్డది ఒక్కడు. ఊళ్లో అందరూ ఒక దారి పడితే ఒక్క మనిషి ఆగిపోవడం ఎంత కష్టమో మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎనిమిదో కీర్తనలోని 'నరపుత్రుడు' కూడా అంతే. కొత్త నిబంధనలోని హెబ్రీయుల పత్రిక రెండో అధ్యాయం ఆ మాటలనే ఎత్తి యేసు గురించి చెబుతుంది. కీర్తనలో దాన్ని 'మానవులు' అని మార్చేస్తే, పత్రికకు వచ్చేసరికి చదివేవాళ్లకు ఆ రెంటికీ లంకె దొరకదు.

ఇంతవరకూ ఇంగ్లీషువాళ్ల తగువునే మన బైబిల్ మీద పెట్టి చూశాం. మన అసలు తగువు వేరే చోట ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఆదికాండం పదహారో అధ్యాయం పాత బైబిల్లో తీయండి. అబ్రాము భార్య శారయి 'ఆమె'. ఆమె దాసి హాగరు 'అది'. 'శారయి దాని శ్రమపెట్టినందున ఆమె యొద్దనుండి అది పారిపోగా' అని ఉంటుంది. హెబ్రీలో యజమానురాలికి ఒక సర్వనామం, దాసికి ఇంకొకటి లేవు. ఆ తేడా మన తెలుగులో ఉన్న తేడా, మన సమాజంలో ఉన్న తేడా. 1889లో ఇండియాకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యాలోని మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు, వాళ్లు పనిచేసింది నల్లగొండలో. ఆ తరం మిషనరీల చేత బాప్తిస్మం పొందినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవాళ్లే. దొర గడీ ముందు వెట్టి చేసే మగవాణ్ని 'వాడు' అనీ, ఆడమనిషిని 'అది' అనీ పిలిచిన రోజులవి. ఆ గడీల మీద తిరుగుబాటు జరిగింది కూడా ఈ నల్లగొండలోనే. ఆ పూర్వీకుల మనవరాళ్లు ఆదివారం గుడిలో కూర్చుని, శ్రమలు పడలేక పారిపోయిన దాసిని దేవుని గ్రంథం 'అది' అనడం వింటున్నారు. ఎడారిలో దేవదూత పేరు పెట్టి పిలిచింది ఆ హాగరునే. కొత్త అనువాదాల్లో ఆమె 'ఆమె' అయింది. పాత నిబంధన కథల వరకు కొత్తవాటినే తీసుకోవాలనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. 'సహోదరీ' గురించి గంటలు వాదించే పెద్దలు ఈ 'అది' దగ్గర గొంతు మార్చకుండా చదివి దాటిపోతారు.

అలాగని పాత బైబిల్‌కు ఆడవాళ్లంటే చులకన అని తేల్చేస్తే అన్యాయం. రోమా పత్రిక చివర పౌలు పరిచయం చేసే ఫీబేనే చూడండి. ఇంగ్లీషు ఎన్ఐవి 1984లో ఆమెను సేవకురాలు అంది, 2011లో డీకన్, అంటే సంఘంలో ఒక పదవి ఉన్న మనిషి, అంది, దాని మీదా వాదన లేచింది. మన పాత బైబిల్ ఎప్పుడో 'సంఘ పరిచారకురాలగు ఫీబే' అనేసింది. ఫిలిప్పీ పత్రిక మొదటి వచనంలో డీకన్లకు వాడింది కూడా 'పరిచారకులు' అన్న మాటే. అంటే ఇంగ్లీషువాళ్లు కొట్లాడుకున్న చోట మన అనువాదకులు చప్పుడు లేకుండా సమానం చేసిపెట్టారు. ఆదికాండం మొదటి అధ్యాయంలో హెబ్రీ వరసలో పురుషుడు ముందు, స్త్రీ తర్వాత. మన పాత బైబిల్ 'స్త్రీనిగాను పురుషునిగాను వారిని సృజించెను' అంటుంది. వరస తిప్పినందుకు ఎవరూ తీర్మానాలు చేయలేదు!

ఇంకొకటి, ఇది వ్యాకరణం పుణ్యం. గ్రాంథికంలో భూతకాలపు క్రియకు ఆడా మగా తేడా లేదు. పేతురు చెప్పెను, మరియ చెప్పెను. మగ్దలేనే మరియ ప్రభువును చూశానని శిష్యులకు 'తెలియజేసెను'. వాడుక తెలుగులోకి దించగానే అతడు 'చెప్పాడు', ఆమె 'చెప్పింది' అవుతారు. కుక్క అరిచినా అదే 'ఇంది'. సమకాలీన అనువాదం దేవునికి 'చెప్పారు' అని గౌరవం ఇస్తుంది, మంచిదే. పునరుత్థాన వార్త మొదట మోసుకొచ్చిన మరియకు కూడా అంత గౌరవం ఇస్తే ఏం పోతుంది? అది తెలుగులో సాధ్యమే. మనం రోజూ మాట్లాడుకునే తీరే అది. అమ్మగారు వాక్యం చెప్పారు అంటాం, చెప్పింది అనం.

గలతీ పత్రిక దగ్గర మళ్లీ నా ఓటు పాతదానికే. 'మీరందరు విశ్వాసమువలన దేవుని కుమారులై యున్నారు.' దాన్ని 'పిల్లలు' అంటే ఆడవాళ్లు చేరినట్టే కనిపిస్తారు, కానీ చేతికి రావలసింది జారిపోతుంది. పౌలు అక్కడ మాట్లాడుతున్నది ఆస్తి గురించి. 'కుమారుడవైతే దేవునిద్వారా వారసుడవు' అని కింద తేల్చి చెబుతాడు. పిల్లలంటే ఇంట్లో తిరిగేవాళ్లు, కొడుకంటే పాస్‌బుక్‌లో పేరు ఎక్కేవాడు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంది. అయినా కట్నం ఇచ్చాం కదా అని భూమి కొడుకుల పేరనే రాసే ఇళ్లు మన సంఘాల్లో లేవా? అలాంటి ఇంటి ఆడపడుచుకు 'నువ్వూ దేవుని కుమారుడివే, నీ పేరూ పట్టాలో ఉంది' అని చెబితే తగిలినంతగా 'నువ్వూ దేవుని బిడ్డవే' అంటే తగలదు. కాకపోతే దీన్ని విప్పి చెప్పే బోధకుడు కావాలి. ఊరికే చదివి వదిలేస్తే పాత మాట కూడా వృథానే.

స్త్రీ వాక్యం చెప్పవచ్చా అన్న ప్రశ్న ఏ బైబిల్ కొన్నా తేలదు. సంఘ అధ్యక్షుడు ఎలా ఉండాలో చెప్పే తిమోతి పత్రికలోని 'ఏకపత్నీపురుషుడు' అనువాదం మార్చినంత మాత్రాన పోడు. కృష్ణ అవతల, నంద్యాల డయాసిస్‌కు 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్. ఆమెను ఎన్నుకున్నవాళ్లూ, ఇవతల స్త్రీని పుల్పిట్ ఎక్కనివ్వనివాళ్లూ చాలావరకు ఒకే పాత బైబిల్ చదువుతున్నారు.

ఇక ఈజీ టు రీడ్. యోహాను మూడు పదహారులో పాతది 'విశ్వాసముంచు ప్రతివాడును' అంటే ఇది 'ఆయన్ని నమ్మిన వాళ్ళు' అంటుంది. కొత్తగా గుడికి వచ్చే అమ్మకు ఇట్టే అర్థమవుతుంది. 'ప్రతి' పోయింది, అది లోటే. 'ప్రతి ఒక్కరూ' అంటే ఆ లోటు కూడా ఉండదు. ఇంట్లో చదువుకోవడానికి బాగుంటుంది, పాఠం చెప్పడానికి పలచన.

కొనే సంగతికొస్తే, ఆదివారం ఆరాధనకు పాతదే ఉంచుతాను. కీర్తనను అయ్యగారు ఒక వచనం, సంఘం ఒక వచనం చదివే చోట రెండు అనువాదాలుంటే గోల తప్ప చదువు ఉండదు. చదువురాని పెద్దమ్మల నోట్లో ఉన్నదీ అదే, దాన్ని వాళ్ల నుంచి లాక్కోకూడదు. స్త్రీల కూడికకు, యూత్‌కు, పాత నిబంధన కథలు చెప్పే సండే స్కూల్‌కు సమకాలీనం కొంటాను, గలతీ చెప్పే వారం మాత్రం పక్కన పాతది కూడా తెరిచిపెడతాను. పుల్పిట్ మీద పాతది చదివే అయ్యగారికి నా మనవి ఒకటే: హాగరు కథ వచ్చిన రోజు 'అది' అన్న చోట 'ఆమె' అని చదవండి, ఎవరైనా అడిగితే హెబ్రీలో శారయికీ హాగరుకీ ఒకటే మాట ఉందని చెప్పండి.