కొట్లాట కేసులో ఏది మేలు: "అక్కడ లేను" అనడమా, "ప్రాణం కాపాడుకున్నా" అనడమా?

కోనసీమలో గట్టు తగాదాలు కొత్తేం కాదు. చేను గట్టు దగ్గరో, రొయ్యల చెరువు నీళ్లు వదిలే దగ్గరో మాటా మాటా పెరుగుతుంది, కర్రలు లేస్తాయి, తెల్లారేసరికి ఎఫ్‌ఐఆర్‌లో ఇంటిల్లిపాది పేర్లూ ఉంటాయి. అప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: "ఆ టైంకి వేరే ఊళ్లో ఉన్నానని చెప్పు, ఇద్దరు సాక్షుల్ని పెడదాం." నిజంగా ఊళ్లో లేనివాడికి ఇది మంచి సలహా. గొడవలో ఉన్నవాణ్ణి మాత్రం నిలువునా ముంచుతుంది.

నేరం జరిగిన సమయానికి నేను మరోచోట ఉన్నాను అనే వాదనే అలిబీ. ఇది చట్టం ఇచ్చిన మినహాయింపు కాదని, సాక్ష్యానికి సంబంధించిన రూలు మాత్రమేనని బినయ్ కుమార్ సింగ్ కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రూలు పాత సాక్ష్యాధారాల చట్టంలో 11వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 9వ సెక్షన్. రుజువు చేయాల్సింది చెప్పినవాడే, పైగా గట్టిగా చేయాలి. ఆ సమయానికి అక్కడ ఉండే వీలే లేదని జడ్జి గారికి నమ్మకం కుదరాలి. గొడవ సఖినేటిపల్లిలో జరిగితే, గోదావరి అవతలి ఒడ్డున నరసాపురంలో ఉన్నానంటే ఏం లాభం? పంటు ఎక్కితే కాసేపట్లో ఇవతలి ఒడ్డు. అదే హైదరాబాద్ ఆఫీసులో వేలిముద్ర వేసి ఉంటే లెక్క వేరు. సెల్ టవర్ లొకేషన్ మీద కూడా మరీ ఆశ పెట్టుకోవద్దు, అది ఫోన్ ఎక్కడుందో చెబుతుంది గానీ మనిషి ఎక్కడున్నాడో చెప్పదు.

ఆత్మరక్షణ అలా కాదు. ఉన్నాను, కొట్టాను, కానీ వాళ్లు మీదికొస్తే తప్పక కొట్టాను అని ఒప్పుకుని చెప్పే మాట ఇది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దీని గురించే. నిరూపించే భారం ఇక్కడా ముద్దాయిదే, కాకపోతే అంత గట్టి రుజువు అక్కర్లేదు, అలా జరిగే అవకాశమే ఎక్కువనిపిస్తే చాలు. ప్రాసిక్యూషన్ (కేసు నడిపే ప్రభుత్వ పక్షం) సాక్షుల్ని ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేసి వాళ్ల నోటినుంచే రాబట్టుకోవచ్చు. హద్దులు మాత్రం ఉన్నాయి: అవసరానికి మించి కొట్టకూడదు, పోలీసుల్ని పిలిచే తీరిక ఉన్నప్పుడు ఈ హక్కే ఉండదు, పారిపోతున్నవాణ్ణి వెంటపడి కొడితే ఇది చెప్పడం చాలా కష్టం.

రెండింటి తేడా ఒక్క కాగితంలో కనిపిస్తుంది. గొడవ రాత్రి ముద్దాయి కూడా తలకు కుట్లు వేయించుకున్నాడు, గవర్నమెంటు ఆసుపత్రిలో వూండ్ సర్టిఫికెట్ (గాయాల వివరాల కాగితం) రాశారు అనుకోండి. ఆత్మరక్షణ అన్నవాడికి అదే పెద్ద ఆధారం, ఎందుకంటే ఆ దెబ్బ ఎలా తగిలిందో ప్రాసిక్యూషనే చెప్పుకోవాలి, చెప్పలేకపోతే వాళ్ల కథ మీదే అనుమానం వస్తుంది. ఊళ్లో లేనన్నవాడికి అదే కాగితం ఉరితాడు. ఈ ఊళ్లో, ఆ రాత్రే నీ తల ఎలా పగిలిందయ్యా అంటే ఏం చెబుతాడు? తీరా అలిబీ కూలిపోయాక "ఆత్మరక్షణ" అంటే నమ్మేదెవరు? చట్టం ప్రకారం కోర్టు అది కూడా పరిశీలించవచ్చు, కానీ అప్పటికే సొంత నోటితోనే పాడుచేసుకున్నట్టు. అలిబీ ఓడినంత మాత్రాన శిక్ష పడదు, ప్రాసిక్యూషన్ తన కేసు తాను రుజువు చేసుకోవాల్సిందే. అయితే కళ్లారా చూసిన సాక్షి లేని కేసుల్లో ఆ అబద్ధం కూడా మిగతా ఆధారాలకు తోడవుతుంది.

అందుకే నా మాట: గొడవలో ఉన్నవాడు ఆత్మరక్షణకు ఆస్కారముంటే దాన్నే పట్టుకోవాలి, లేకపోతే ప్రాసిక్యూషన్‌నే రుజువు చేసుకోమని ఊరుకోవడం మేలు. అరువు సాక్షులతో అలిబీ వద్దే వద్దు.

ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడి పేరు కూడా కేసులో ఇరికించారా, అతనికి అలిబీయే దారి, అది కూడా వెంటనే. విచారణ చివర్లో జడ్జి గారు అడిగినప్పుడు మొదటిసారి చెబితే, తర్వాత అల్లినదే అనుకుంటారు. మొదటి వారంలోనే దర్యాప్తు అధికారికి స్పీడ్ పోస్టులో రాతపూర్వకంగా పంపాలి, ఆఫీసు హాజరు, బస్సు టికెట్టు, టోల్ గేటు ఫాస్టాగ్ వివరాలు జత చేయాలి. సీసీ కెమెరా ఫుటేజీ ఉంటే మరీ తొందర, కొన్నాళ్లకే పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది. కాపీ తీసుకునేటప్పుడే, ఎలక్ట్రానిక్ రికార్డులకు సాక్ష్య అధినియం అడిగే 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి, అది లేకపోతే ఆ కాపీని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.