పద్య నాటకమా, పరిషత్తు నాటికా: కొత్తమ్మాయికి ఏది మేలు?

కోనసీమ ఊళ్ళ నుంచి ఈ ఏడాది నన్ను కలిసిన తల్లులంతా ఒకటే అడిగారు: "మా అమ్మాయికి గొంతుంది, నటనంటే ప్రాణం. పద్య నాటకాల్లో పెట్టమంటారా, నాటికల్లోనా?" వెంటనే అంజలీదేవి పేరెత్తుతారు. నిజమే, పెద్దాపురంలో పుట్టిన ఆవిడ కాకినాడలో నాటకాలు ఆడాకే సినిమాల్లోకి వెళ్ళారు.

పద్య నాటకంలో అవకాశాలు త్వరగా వస్తాయి. సంక్రాంతి నుంచి తీర్థాలు, జాతరలు ఉంటాయి కాబట్టి హరిశ్చంద్ర నాటకంలో ఆయన భార్య చంద్రమతి పాత్ర బాగా వచ్చిన అమ్మాయికి కబుర్లు అందుతూనే ఉంటాయి. డబ్బు కూడా నయం. హార్మోనియం శ్రుతిలో పద్యం ఎత్తుకోవడం, ఊపిరి నిలపడం ఒకసారి వస్తే జీవితాంతం ఉంటాయి. తెల్లవార్లూ సాగే ఆటకు ఇంట్లోవాళ్ళు ఒకరు తోడుండాలి, అది ముందే చూసుకోండి.

నాటిక గంటసేపు ఆట. పరిషత్తులు పెట్టే పోటీలకు వెళ్ళే నాటక సమాజాలు దానికోసం వారాల తరబడి రిహార్సల్ చేస్తాయి. చేతికొచ్చేది తక్కువ, ఒక్కోసారి దారి ఖర్చులే. నంది నాటకోత్సవాల్లో రెండిటికీ విడి విభాగాలున్నాయి, గుర్తింపు గురించి టెన్షన్ అక్కర్లేదు.

నేను చూసేది ఒక్కటే. అమ్మాయి తప్పు చేస్తే ఆపి చెప్పేవాళ్ళు ఎక్కడున్నారు?

పద్య నాటకానికి ఒక్కో నటుడు ఒక్కో ఊరి నుంచి వస్తాడు. మేకప్ వేసుకునే చోటే పలకరింపులు. ఒకే ఆటలో ఒకటో హరిశ్చంద్రుడు దిగి అదే పాత్రకు రెండో ఆయన ఎక్కుతాడు. అందరికీ నాటకం నోటికొచ్చు, ఇక రిహార్సల్ ఎందుకు? నేను రెండేళ్ళు చంద్రమతి వేశాను. పద్యానికి వన్స్ మోర్ వచ్చేది, అంతా బాగుందనుకున్నాను. తర్వాత ఒక నాటికలో, భర్త ఇల్లు అమ్మేశానని చెప్పే సీనులో, అలవాటుగా మైకు వైపు తిరిగి ఏడ్చాను. దర్శకుడు ఆపేశారు. "ఆయన చెబుతున్నది నీకమ్మా, జనానికి కాదు. ఆయన ముఖం చూడు." ఆ సీను ఆ రాత్రి పదిసార్లు చేయించారు. రెండేళ్ళలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. వాళ్ళ తప్పు కాదు, చెప్పే వ్యవధే ఉండదు.

అందుకే ముందు నాటికనే అంటాను. పద్యం మాత్రం వదలొద్దు, ఇంటి దగ్గర ఒక గురువు దగ్గర నేర్పిస్తూ ఉండండి. షార్ట్ ఫిల్ములు సరదాకు చేసుకోవచ్చు.

చేర్చేముందు ఒక సాయంత్రం రిహార్సల్‌కు వెళ్ళి కూర్చోండి. ఆడపిల్ల చేత డైలాగులు అప్పజెప్పించుకుని పంపేస్తుంటే వేరే సమాజం వెతుక్కోండి.