ఒప్పందమా, గొలుసుకట్టా?

ఒడిశాలోని లఖరీ లోయ వైపు నుంచి ఏనుగులు మన పాతపట్నం, కురుపాం మండలాలకు దిగినప్పుడు వాటికి ఒడిశా ఎక్కడో ఆంధ్ర ఎక్కడో తెలియదు. రెండు వైపుల అడవులను కలపాలంటే ప్రపంచంలో రెండు నమూనాలున్నాయి.

ఒకటి యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాల పద్ధతి. ఆ కొండలను కాపాడుకోవడానికి 1991లో ప్రభుత్వాలే ఒప్పందం రాసుకున్నాయి. ఇప్పుడు ఎనిమిది దేశాలు, యూరోపియన్ యూనియన్ అందులో భాగం. కాగితానికి చట్టబలం ఉంది, కదలిక మాత్రం నెమ్మది.

రెండోది 'ఎల్లోస్టోన్ నుంచి యూకాన్' పద్ధతి, అంటే అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు నుంచి కెనడాలోని యూకాన్ ప్రాంతం దాకా. 1993లో పుట్టిన ఈ ఆలోచన దాదాపు 3,400 కిలోమీటర్ల కొండల వరుసది. నడిపేది స్వచ్ఛంద సంస్థ. ప్రభుత్వాలను, భూయజమానులను, ఆదివాసీ సమాజాలను ఒక్కొక్కరినీ ఒప్పించుకుంటూ, గొలుసుకట్టుగా అడవులను కలుపుకుంటూ పోతుంది. ఆ దారిలోనే ఉన్న బాన్ఫ్ జాతీయ పార్కులో కెనడా ప్రభుత్వం హైవేకి కంచె వేసి, పైన ఆరు వంతెనలు, కింద ముప్పైకి పైగా దారులు కట్టింది. జంతువులు వాహనాల కింద పడటం ఎనభై శాతానికి పైగా తగ్గింది.

మనకు? నా ఓటు రెండోదానికే. ఇక్కడ దారికి అడ్డొచ్చేది జీడి తోట, చెరకు చేను, సవర గూడెం. వాళ్లతో మాట్లాడకుండా ఢిల్లీలో సంతకం చేస్తే ఏనుగు ఆగదు, రైతూ ఊరుకోడు. కానీ పంట నష్టపరిహారం రెండు రాష్ట్రాల్లో ఒకేలా ఇవ్వాలంటే మాత్రం ప్రభుత్వాల ఒప్పందం తప్పదు.