నాలుగేళ్లు, 71 వేల కిలోమీటర్లు: పెద్ద బ్యాటరీ బానే ఉంది, చిన్నదే ముంచింది

నాలుగేళ్ల రెండు నెలల్లో మా కరెంటు కారు రెండుసార్లు రోడ్డు మీద మొరాయించింది. రెండుసార్లూ తప్పు పెద్ద బ్యాటరీది కాదు. అది ఎప్పుడు పేలుతుందోనని చుట్టాలంతా నన్ను జాలిగా చూస్తారు కానీ, దాని వల్ల ఇంతవరకు ఒక్క పైసా ఖర్చు రాలేదు, ఒక్క రోజు టెన్షన్ లేదు. ఏడిపించిందల్లా బానెట్ కింద కూర్చున్న మామూలు 12 వోల్టుల బ్యాటరీ. పెట్రోలు కార్లో ఉంటుందే, అదే.

కారు పేరు రాయను. ఆ షోరూం వాళ్లతో నాకింకా నాలుగేళ్ల వారంటీ కాపురం మిగిలి ఉంది. 2021 ఆగస్టులో కొన్నాం. ఇల్లు హైదరాబాద్ నాగోలులో, అమ్మానాన్నలుండేది నందిగామ దగ్గర పల్లెలో. నెలకు ఒకటి రెండుసార్లు విజయవాడ హైవే ఎక్కాల్సిందే. మీటరు ఇప్పుడు 71,400 చూపిస్తోంది.

మొదటిసారి సూర్యాపేటలో. సంక్రాంతికి ఊరెళ్తూ హోటల్ పక్కనున్న ఫాస్ట్ చార్జర్‌కి కారు తగిలించి, ఇడ్లీ తిని, టీ తాగి వచ్చాం. నలభై నిమిషాలు. రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. రిమోట్‌లో దాచి ఉండే ఇనప తాళంచెవి లాగి తలుపు తీశాను. లోపల స్క్రీన్ నల్లగా ఉంది. స్టార్ట్ బటన్ నొక్కితే డాష్‌బోర్డు వెనక నుంచి బల్లి అరిచినట్టు టక టక టక. అంతే. ఫోన్లో యాప్ మాత్రం ఠీవిగా 86 శాతం చార్జింగ్ ఉందని చెబుతోంది!

అసలు తంటా అది కాదు. చార్జింగ్ గన్ కారులోనే ఇరుక్కుపోయింది. ఎవరూ మధ్యలో లాగేయకుండా దానికొక లాక్ ఉంటుంది. ఆ లాక్ తీసేది కూడా ఈ 12 వోల్టుల కరెంటే. చేత్తో తీసుకోడానికి ఒక తాడు పెడతారు, మా కారులో అది డిక్కీ లోపల ఉంది. డిక్కీ తెరవాలంటే కరెంటు కావాలి. వెనక సీటు మడిచి, పిండివంటల డబ్బాల మీదుగా మా ఆవిడ పాక్కుంటూ వెళ్లి ఆ తాడు లాగింది. ఆ లోపు మా వెనక మరో రెండు కార్లు లైన్లో నిలబడ్డాయి. వాటిలో ఒకాయన దిగొచ్చి, "ఏమండీ, ఎలక్ట్రికల్ కారుకి కరెంటు అయిపోవడమేంటి?" అన్నాడు. ఎగతాళి కాదు, పాపం నిజంగానే అడిగాడు. ఆయనదీ కరెంటు కారే.

ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. పెద్ద బ్యాటరీలో మూడు వందల వోల్టులకు పైన ఉంటుంది. కారు ఆపగానే దాన్ని మిగతా బండి నుంచి రిలేలనే పెద్ద స్విచ్చులు విడదీసేస్తాయి, మన భద్రత కోసమే. మళ్లీ కలపాలంటే ఆ రిలేలను లేపాలి. లేపేది చిన్న బ్యాటరీ. లాకులు, స్క్రీను, కంప్యూటర్లు అన్నీ దాని మీదే బతుకుతాయి. ఆ చిన్న బ్యాటరీని నింపేది డీసీ డీసీ కన్వర్టర్ అనే పెట్టె. పెట్రోలు బండిలో ఆల్టర్నేటర్ చేసే పని ఇందులో అది చేస్తుంది. ఆ పెట్టె సరిగ్గా పనిచేయకపోతే, ఇంటినిండా బియ్యం ఉండి అగ్గిపుల్ల లేనట్టే.

మమ్మల్ని ఒడ్డున పడేసింది పక్కనున్న లారీ షెడ్డు మెకానిక్. లారీకి రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. రెండూ కలిపి తగిలిస్తే నా కారులో కంప్యూటర్లు మిగలవు. ఆ సంగతి నేను చెప్పేలోపే ఆయన, "ఒక్కదానికే పెడతా సార్, తెలుసు" అని ఒకే బ్యాటరీకి జంపర్ వైర్లు కట్టాడు. మూడు సెకన్లలో కారు లేచింది. డబ్బులిస్తే యాభై చాలన్నాడు. కంపెనీ రోడ్ సైడ్ వాళ్లు అప్పటికి నాలుగోసారి నా లొకేషన్ అడుగుతున్నారు.

సర్వీస్ సెంటర్లో బ్యాటరీ వీక్ అయిందని 6,200 తీసుకుని కొత్తది వేశారు. వారంటీ దానికి వర్తించదన్నారు. సరే, మూడేళ్లు దాటిన బ్యాటరీ, పోయిందేమో అనుకున్నాను.

ఏడు నెలలు కాకుండానే రెండోది. ఈసారి హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు, అదే ఓఆర్ఆర్ మీద, ఘట్‌కేసర్ దాటాక. వెనక నుంచి మా వాడు, "నాన్నా, తాబేలు బొమ్మ వచ్చింది" అన్నాడు సరదాగా. ఆ తాబేలు వస్తే కారు పవర్ తగ్గించేసుకుందని అర్థం. వంద మీద వెళ్తున్న బండి నలభైకి పడిపోయింది. వెనక ట్రైలర్ లారీ హారన్ ఇప్పటికీ చెవిలో ఉంది. ఎలాగోలా ఎడమ పక్కకు తెచ్చి ఆపగలిగాను. ఆపాక మళ్లీ కదల్లేదు. టోయింగ్ బండి మీద సర్వీస్ సెంటర్‌కి వెళ్లింది.

పదకొండు రోజులు ఉంచుకున్నారు. డీసీ డీసీ కన్వర్టర్ మార్చారు, పైసా తీసుకోలేదు. ఏమేం పని చేశారో రాసిచ్చే జాబ్ కార్డు ఇంటికొచ్చాక తీరిగ్గా చదివితే కింద ఒక లైన్లో క్యాంపెయిన్ అని, పక్కన ఒక కోడ్ ఉంది. మర్నాడు వెళ్లి అడ్వైజర్‌ని అడిగాను.

"అది ఇంటర్నల్ సార్. పాత పార్టుకి బదులు కొత్త నంబర్ పార్టు వస్తోంది. కంప్లయింట్‌తో వచ్చినవాళ్లకు మారుస్తున్నాం."

"కంప్లయింట్ లేనివాళ్లకు?"

"వస్తారు సార్."

కుర్రాడు అబద్ధం చెప్పలేదు, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ రెండు ముక్కలే ఈ సమీక్ష రాయించాయి. పార్టులో లోపం ఉందని వాళ్లకు తెలుసు. సూర్యాపేటలో నేను ఆగిపోయిన నాటికే తెలుసా అంటే మాత్రం కుర్రాడు పక్కకు చూశాడు. దీన్ని రీకాల్ అనరు. రీకాల్ అంటే ప్రకటించాలి, ఎన్ని బండ్లో లెక్క చెప్పాలి, ప్రతి ఓనరుకీ కబురు పంపాలి. ఇది చప్పుడు చేయకుండా చేసే రిపేరు.

కొనేటప్పుడు నేను చేసిన పొరపాటు కూడా ఇక్కడే. ఏ కంపెనీ బండికి రీకాల్ వచ్చిందో వెతికి, దాన్ని లిస్టులోంచి కొట్టేశాను. ఇప్పుడైతే తిరగేసి చూస్తాను. హ్యుందాయ్ అయోనిక్ 5, కియా ఈవీ6 సంగతే తీసుకోండి. వాటిలో చార్జింగ్‌ని చూసుకునే ఐసీసీయూ అనే పెట్టె దెబ్బతిని 12 వోల్టుల బ్యాటరీ నిండకపోవడం, నడుస్తూ నడుస్తూ పవర్ తగ్గిపోవడం అమెరికాలో, కొరియాలో ఓనర్లు పెద్ద ఎత్తున చెప్పారు. 2024లో మన దేశంలో కూడా అయోనిక్ 5 కార్లు 1,744, ఈవీ6 కార్లు 1,138 వెనక్కి పిలిచారు. అదే ఏడాది చివర అమెరికాలో రెండు కంపెనీలూ కలిపి రెండు లక్షలకు పైగా బండ్లకు రీకాల్ ఇచ్చాయి. చదివితే భయమేస్తుంది, నిజమే. కానీ ఆ కారు ఓనరుకి తన బండికి ఏమైందో, ఏ పార్టో, ఏ తేదీల మధ్య తయారైన బండ్లో తెలుసు. నాకు తెలియడానికి ఓఆర్ఆర్ మీద తాబేలు రావాల్సొచ్చింది.

అయినా రీకాల్ అనగానే బండి తగలబడుతుందనుకోవక్కర్లేదు. 2024 ఫిబ్రవరిలో టెస్లా అమెరికాలో 22 లక్షల కార్లు రీకాల్ చేసింది. కారణం, బ్రేక్ హెచ్చరిక దీపాల మీద అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయట! ఇంట్లో నిద్రపోతున్న కార్లకు ఇంటర్నెట్లో అప్‌డేట్ పంపి సరిచేశారు.

నిజంగా భయపడాల్సినవీ ఉన్నాయి. షెవర్లే బోల్ట్ అనే కరెంటు కారు కథ అలాంటిది. బ్యాటరీలోని ఒకే సెల్లులో రెండు లోపాలు కలిస్తే, అంటే యానోడ్ ట్యాబ్ అనే లోహపు పట్టీ చిరిగి, రెండు ధ్రువాలు తగలకుండా మధ్యలో ఉండే సెపరేటర్ పొర కూడా మడతపడితే నిప్పు పుడుతోందని తేలింది. 2021 ఆగస్టు నాటికి అప్పటిదాకా చేసిన బోల్ట్‌లన్నీ, సుమారు 1,42,000, రీకాల్‌లోకి వచ్చేశాయి. మరమ్మతు అయ్యేదాకా 90 శాతం మించి చార్జ్ చేయొద్దన్నారు, చార్జ్ అయ్యాక ఇంటి బయట పెట్టుకోమన్నారు, ఒక దశలో పక్క బండికి యాభై అడుగుల దూరంలో నిలపమన్నారు. మన అపార్టుమెంటు సెల్లార్లో యాభై అడుగుల దూరమంటే కారు రోడ్డు మీద పెట్టుకోవాల్సిందే. హ్యుందాయ్ కోనాకి 2020లో ముందు సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టబోయారు. ఆ అప్‌డేట్ వేయించుకున్న కారే ఒకటి 2021 జనవరిలో కొరియాలో అంటుకుంది. దాంతో మరుసటి నెల, ఆ బ్యాటరీలున్న సుమారు 82 వేల బండ్లకు ప్రపంచమంతటా బ్యాటరీలే మార్చాల్సి వచ్చింది. అంతకుముందే, 2020 డిసెంబరులో, మన దేశంలో 456 కోనాలను తనిఖీకి పిలిచారు. అందుకే ఏ కంపెనీ అయినా "అప్‌డేట్ చేశాం సార్, అయిపోయింది" అంటే ఆ అప్‌డేట్‌లో ఏం మార్చారని అడగడం అలవాటు చేసుకున్నాను. జవాబు రాదు. అడిగినట్టు జాబ్ కార్డులో రాయిస్తాను.

మా సెల్లార్ మాటెలాగూ వచ్చింది కాబట్టి, చార్జర్ పెట్టుకోడానికి అసోసియేషన్‌తో ఆర్నెల్లు పోట్లాడాను. వాళ్లనూ అనలేం. 2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల తేడాతో నిజామాబాద్‌లో ఒక పెద్దాయన, విజయవాడలో ఒక నడివయసు మనిషి, ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి చనిపోయారు. ఆ నెలలోనే ఓలా, ఒకినావా, ప్యూర్ ఈవీ వేల స్కూటర్లను వెనక్కి పిలిచాయి. తర్వాత బ్యాటరీ పరీక్షల నిబంధనలు కేంద్రం గట్టి చేసింది. ఇవన్నీ పేపర్లో చదివిన మా సెక్రటరీ గారికి స్కూటర్ బ్యాటరీ వేరు, నీళ్లతో చల్లబడే కారు బ్యాటరీ వేరు అని ఎలా చెప్పను? చివరికి గోడ వారగా, లిఫ్టుకి దూరంగా, నా ఖర్చుతో మంటలార్పే సిలిండర్ కూడా పెడితే ఒప్పుకున్నారు. ఇప్పుడు అదే వరుసలో నాలుగు చార్జర్లున్నాయి, సిలిండర్ మాత్రం నాదొక్కటే.

మనకూ చట్టం ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఏ సెక్షన్ చేర్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి, ఏడేళ్లలోపు బండ్లలో భద్రతా లోపం ఉంటే ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించొచ్చు, పది లక్షల నుంచి కోటి దాకా జరిమానా. కానీ ఏటా పదివేలకు పైగా అమ్ముడయ్యే కారుకైతే ప్రభుత్వం ఫిర్యాదుల కోసం పెట్టిన పోర్టల్‌లో 1,250 ఫిర్యాదులు పడాలి. మనమేమో సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర అరుస్తాం, వాట్సాప్‌లో తిడతాం, బండి తెచ్చుకుని ఇంటికొచ్చేస్తాం. అవేవీ లెక్కలోకి రావు. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు తన కారు పదిహేడు అక్షరాల నంబరు అక్కడి ప్రభుత్వ సైట్లో కొడితే రీకాల్ ఉందో లేదో వస్తుంది, అదే మోడల్ మీద ఇతర ఓనర్లు చేసిన ఫిర్యాదులు కూడా చదువుకోవచ్చు. నేను నా ఫిర్యాదు పెట్టాను, రసీదు నంబరు వచ్చింది. అంతకు మించి ఇంకేం రాలేదు. పోయిన 6,200 కోసం కంపెనీకి నాలుగు మెయిళ్లు కొడితే, డబ్బు ఇవ్వలేదు గానీ తర్వాతి సర్వీసులో లేబర్ చార్జీ తీసేశారు. ఏ రూల్ ప్రకారమో వాళ్లకే తెలియాలి.

ఇక మిగతా సంగతులు. వైపర్లు శుద్ధ దండగ. యాప్ వారానికోసారి లాగవుట్ అవుతుంది. వెనక సస్పెన్షన్ నుంచి కిరకిర శబ్దం మూడేళ్లుగా ఉంది, ఇక పాటలా అలవాటైంది. బ్రేక్ ప్యాడ్లు ఒక్కసారి కూడా మార్చలేదు. ఇంట్లో విడి మీటరు మీద చార్జ్ చేస్తే కిలోమీటరుకి రూపాయి లోపే, హైవే చార్జర్లో దానికి మూడింతలు. పెద్ద బ్యాటరీ కొత్తలో హైవే మీద 240 ఇచ్చేది, ఇప్పుడు 225 ఇస్తోంది. నాలుగేళ్ల ఎండలకి ఇది చాలా తక్కువ నష్టం. నడపడం ఎంత హాయంటే, మధ్యలో పదకొండు రోజులు బావమరిది డీజిల్ కారు నడిపితే ట్రాక్టర్ ఎక్కినట్టుంది.

మళ్లీ కొంటారా అని అడుగుతారు. కరెంటు కారే కొంటాను. ఇదే కంపెనీదా అంటే, ముందు ఆ క్యాంపెయిన్ కోడ్‌ని రీకాల్‌గా బయటపెట్టమనండి, అప్పుడు మాట్లాడదాం. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లయితే బ్యాటరీ హెల్త్ శాతం చూసి మురిసిపోకండి, పాత జాబ్ కార్డులన్నీ అడిగి తీసుకుని కింది లైన్లు చదవండి. ఆ మోడల్‌కి రీకాల్ వచ్చి ఉంటే, ఆ పని చేయించిన కాగితం చూపించమనండి. ఓనరు దగ్గర లేకపోతే చాసిస్ నంబరు రాసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళితే చెబుతారు.

జంపర్ వైర్లు ఒక సెట్ కొన్నాను. మా ఆవిడ వాటిని డిక్కీలో సర్దబోతే ఆపి, డ్రైవర్ సీటు కింద పెట్టించాను.