ఇంగ్లిష్ టీచరుగా విదేశీ సేవ: ఉద్యోగంలో చేరడం మేలా, మిషన్ సంస్థ తరఫున వెళ్లడం మేలా?

విదేశాల్లో సేవ చేయాలన్న భారం ఉన్నవాళ్లలో చాలామందికి ముందుగా తట్టే దారి ఇంగ్లిష్ చెప్పడం. మిషనరీకి వీసా ఇవ్వని దేశాలు కూడా టీచరుకు వర్క్ వీసా ఇస్తాయి. నేర్చుకోవాలనుకునేవాళ్లు పిలవకుండానే వస్తారు. అయితే వెళ్లాలని నిశ్చయించుకున్నాక, ఎలా వెళ్లాలన్న దగ్గర చిక్కు పడుతుంది. అక్కడి స్కూల్లోనో యూనివర్సిటీలోనో జీతానికి చేరాలా? లేక మిషన్ సంస్థ పంపితే వెళ్లి, సంఘాలిచ్చే కానుకలతో బతుకుతూ, స్థానిక చర్చిలోనో సంస్థ నడిపే సెంటర్లోనో ఉచితంగా పాఠాలు చెప్పాలా? ఇవి కాక వేసవిలో నడిచే ఇంగ్లిష్ క్యాంపులు ఉండనే ఉన్నాయి.

నా మొగ్గు ఉద్యోగం వైపు. కానీ ఆ దారిలో ఒక పెద్ద లోటు ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పను.

ముందు ఒక అపోహ తీసేయాలి. జీతం తీసుకునేవాడు సగం మిషనరీ అనీ, కానుకల మీద బతికేవాడే పూర్తి సేవకుడనీ కొన్ని సంఘాల్లో ఒక భావన ఉంది. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చూడండి. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉండి డేరాలు కుట్టాడు. అదే పౌలు ఫిలిప్పీ సంఘం పంపిన సహాయాన్ని సంతోషంగా అందుకున్నాడు. తర్వాతి కాలంలోనూ ఇంతే. బెంగాల్‌లో పనిచేసిన ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ 1801లో కలకత్తాలోని ఫోర్ట్ విలియం కాలేజీలో బెంగాలీ చెప్పే ఉద్యోగంలో చేరాడు, ఆ జీతంలో చాలా భాగం శ్రీరాంపూర్ మిషన్ పనికే పెట్టాడు. హడ్సన్ టేలర్ 1865లో పెట్టిన చైనా ఇన్‌లాండ్ మిషన్‌లోనేమో నిర్ణీత జీతమే లేదు, ఎవరినీ డబ్బు అడగకూడదన్నది నియమం. రెండు దారుల్లోనూ పని జరిగింది.

ఇంగ్లిష్ టీచర్ల విషయానికొస్తే నాకు ముందు గుర్తొచ్చేది గైడో వెర్‌బెక్. ఆయన్ని ఒక మిషన్ బోర్డే జపాన్ పంపింది. 1859లో నాగసాకి చేరేనాటికి అక్కడ క్రైస్తవ్యం మీద నిషేధం ఉంది, నిషేధపు బోర్డులు తీసేసింది 1873లో. ఆ మధ్యకాలంలో ఆయన ప్రభుత్వ స్కూల్లో ఇంగ్లిష్ చెప్పాడు. కొత్త నిబంధన, అమెరికా రాజ్యాంగం ఆయన పాఠ్యపుస్తకాలు. తర్వాత ప్రధానమంత్రి అయిన ఒకుమా షిగెనొబు ఆయన శిష్యుల్లో ఒకడు. పంపింది సంఘం, పనిచ్చింది స్కూలు. ఈ కలయికే ఈ రోజుకీ అన్నిటికంటే గట్టిదని నా నమ్మకం.

ఉద్యోగంతో వచ్చే మొదటి మేలు, మీరెవరో అక్కడివాళ్లకు అర్థమవడం. ఈయనేం చేస్తాడు, ఈయనకు డబ్బెవరిస్తున్నారు అన్న ప్రశ్న పక్కింటివాళ్లకూ వస్తుంది, పోలీసులకూ వస్తుంది. ఫలానా కాలేజీలో టీచరు అన్న జవాబు నిజమైతే రాత్రి నిద్ర పడుతుంది. స్టాఫ్ రూమ్‌లో తోటి టీచర్లతో పాటు టీ తాగుతారు, అదే ప్రిన్సిపాల్‌తో మాటలు పడతారు, పరీక్షల వారంలో వాళ్లతో పాటే పేపర్లు దిద్దుతారు. ఈ కలిసి బతకడం ఉచిత క్లాసు చెప్పే అతిథికి అంత తేలిగ్గా దొరకదు.

కానీ ఈ దారికి భక్తి ఒక్కటే చాలదు. డిగ్రీ లేకపోతే చాలా దేశాల్లో అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది. పాస్‌పోర్టు కూడా అడ్డు పడవచ్చు. దక్షిణ కొరియాలో ఇంగ్లిష్ టీచర్లకిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న ఏడు దేశాల పౌరులకే. దానికి తోడు బోధనలో ట్రైనింగ్ కావాలి. పెద్దవాళ్లకు ఇంగ్లిష్ చెప్పడానికి కేంబ్రిడ్జ్ వాళ్లిచ్చే సర్టిఫికెట్ కోర్సు సెల్టాలో కనీసం 120 గంటల తరగతులు, అందులో 6 గంటలు నిజమైన విద్యార్థుల ముందు పాఠం చెప్పాలి. వెనక బెంచీలో ట్యూటర్ కూర్చుని రాసుకుంటూ ఉంటారు. మీరు ఎక్కువ మాట్లాడి విద్యార్థుల్ని తక్కువ మాట్లాడించారని పాఠం అయ్యాక చెబుతారు. ప్రసంగాలకు అలవాటుపడ్డవాళ్లకు ఇది మింగుడు పడదు, అందుకే వాళ్లకు మరీ అవసరం.

ఇక నేను చెప్పిన లోటు. ఇంగ్లిష్ టీచరు రోజంతా ఇంగ్లిష్‌లోనే గడుపుతాడు. ఆయన్ని కోరుకునేదే దానికోసం కాబట్టి స్థానిక భాష రాకపోయినా పని నడిచిపోతుంది. పాఠాలు, ప్రిపరేషన్, పేపర్లు దిద్దడం అయ్యేసరికి సాయంత్రానికి ఓపిక ఉండదు. ఏళ్లు గడిచినా కూరగాయలు కొనే భాష దగ్గరే ఆగిపోతాడు. అప్పుడు ఆయన సువార్త ఇంగ్లిష్ వచ్చిన కొద్దిమందికే చేరుతుంది. వాళ్ల అమ్మకు, తాతకు చేరదు. బాధలో ఉన్న మనిషి తన భాషలో ఏడుస్తాడు, పక్కన కూర్చున్నవాడికి అది అర్థం కావాలి.

మిషన్ సంస్థల బలం ఇక్కడే. మంచి సంస్థ మొదటి ఏడాది, రెండేళ్లు భాష మీదే పెడుతుంది. కొత్త చోట దిగులు పట్టుకుంటే, భార్యాభర్తల మధ్య టెన్షన్ పెరిగితే మాట్లాడే పెద్దలుంటారు. పిల్లల చదువు గురించి ముందే ఆలోచిస్తారు. ఒంటరిగా ఉద్యోగంలో చేరినవాళ్లు కుంగిపోతే ఫోన్ చేయడానికి కూడా ఎవరూ ఉండకపోవచ్చు.

సంస్థ దారిలో బరువు వేరే చోట ఉంది. ఖర్చులకు సరిపడా కానుకల హామీలు కూడడానికే నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు. వెళ్లాక ప్రార్థన ఉత్తరాలు రాయాలి. ఇచ్చేవాళ్లు ప్రేమతోనే అడుగుతారు, ఎంతమంది ప్రభువును తెలుసుకున్నారని. ఒక అమ్మాయి భయం పోయి నలుగురి ముందు ఇంగ్లిష్‌లో నోరు విప్పిందని రాస్తే అది సేవ లెక్కలోకి వస్తుందా అని రాసేవాడికే అనుమానం. మెల్లగా పాఠం ఒక సాకుగా మారుతుంది. అంకెల కోసం పాఠాన్ని తోసేసే ఆ ఒత్తిడి నాకు చాలా ఆందోళన కలిగిస్తుంది. పైగా ఉచిత క్లాసు గదిలో అక్షరాలు దిద్దే పెద్దావిడ ఒక పక్క, ఐఈఎల్‌టీఎస్ రాయబోయే కాలేజీ కుర్రాడు ఒక పక్క కూర్చుంటారు. ట్రైనింగ్ లేని వాలంటీరు ఇద్దరికీ ఒకే ఉపమానం చదివిస్తాడు. ఆవిడకు ఏమీ అందదు, కుర్రాడు రెండో వారం నుంచి రాడు.

అయినా చర్చి క్లాసుకు ఉన్న ఒక నిజాయతీని ఒప్పుకోవాలి. చర్చిలో జరుగుతోందని తెలిసే జనం వస్తారు. ఉద్యోగంలో అలా కాదు, అక్కడ టీచరు చేతిలో మార్కులుంటాయి. నా లెక్కలో అన్నిటికంటే బరువైన సంగతి ఇదే. ఒక కుర్రాడు పాసవుతాడో లేదో అన్నట్టున్నాడు, పైచదువుకు మీ సిఫారసు లేఖ కూడా కావాలి. శుక్రవారం మా ఇంట్లో బైబిల్ స్టడీ ఉంది, రా అని మీరు నవ్వుతూ అంటారు. వాడు వస్తాడు. ఎందుకొచ్చాడో మీకు తెలియదు, ఒక్కోసారి వాడికీ తెలియదు. కాబట్టి మార్కులు మీ చేతిలో ఉన్నంతకాలం ఆ పిలుపు మీ నోట రాకూడదు. వాళ్లంతట వాళ్లు అడిగితే సాత్వికంగా జవాబు చెప్పమని పేతురు రాసింది ఇలాంటి చోటికి సరిగ్గా సరిపోతుంది. మైనర్ పిల్లలైతే తల్లిదండ్రులకు తెలియకుండా ఏదీ చేయకూడదు. చర్చి క్లాసు నడిపేవాళ్లు కూడా బైబిల్ భాగం ఎప్పుడు మొదలవుతుందో ముందే చెప్పాలి, వెళ్లిపోయేవాళ్లను మొహమాటపెట్టకూడదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. నేపాల్లో 2018 నుంచి అమల్లో ఉన్న క్రిమినల్ కోడ్ ప్రకారం మతం మార్పిస్తే 5 ఏళ్ల వరకు జైలు, విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేస్తారు. మొరాకోలో ముస్లిం విశ్వాసాన్ని కదిలించే ప్రయత్నానికి 6 నెలల నుంచి 3 ఏళ్లు. చైనాలో విదేశీయులు ఆరాధించుకోవచ్చు, అక్కడివాళ్లకు మతప్రచారం చేయకూడదు. పట్టుబడితే విదేశీయుడు ఎక్కువగా విమానం ఎక్కి వచ్చేస్తాడు. ఆయన క్లాసుకు వచ్చిన స్థానిక విశ్వాసి మాత్రం అక్కడే ఉండి విచారణలు ఎదుర్కొంటాడు. పేరుకు స్కూలు బోర్డు పెట్టి లోపల పాఠాలే చెప్పని సెంటర్ల వల్ల ఇలాంటి నష్టమే జరుగుతుంది. బహిరంగంగా పనిచేసే దారి ఉందని చైనాలోనే రుజువైంది. అక్కడి క్రైస్తవులు 1985లో పెట్టిన ఆమిటీ ఫౌండేషన్, విదేశీ సంఘాలు పంపిన టీచర్లను కాలేజీల్లో ఇంగ్లిష్ చెప్పడానికి పెట్టింది. వాళ్లు క్రైస్తవులన్నది అధికారులకు తెలిసిన విషయమే.

క్యాంపుల గురించి రెండు మాటలు చాలు. తర్వాత ఏడాదంతా ఆ పిల్లల్ని చూసుకునే స్థానిక సంఘం ఉంటే పంపండి. లేకపోతే ఆ టికెట్ల డబ్బు ఆ సంఘానికే పంపండి.

డిగ్రీ ఉన్న యువతీయువకులకు నేను చెప్పేది ఇది. ముందు బోధనలో సర్టిఫికెట్ తెచ్చుకోండి, ఉద్యోగంలో చేరండి, కానీ మీ సంఘం చేతులుంచి ప్రార్థించి పంపితేనే వెళ్లండి. జీతం ఉంది కాబట్టి ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదనుకోవద్దు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు వారానికి ఎన్ని గంటలో అడిగి, భాష నేర్చుకోవడానికి వేళ మిగిలేలా చూసుకోండి. కాస్త జీతం తక్కువైనా గంటలు తక్కువున్నదే తీసుకోండి. చిన్నపిల్లలున్న కుటుంబమైతే సంస్థతో వెళ్లడమే క్షేమం. డిగ్రీ లేనివాళ్లకూ అదే దారి, ట్రైనింగ్ మాత్రం మానొద్దు.

రిటైరైన టీచర్ల సంగతి వేరు. అనుభవం ఉంటుంది, పెన్షన్ ఉంటే జీతంతో పని లేదు, కానీ చైనా లాంటి చోట్ల సాధారణంగా 60 దాటాక వర్క్ పర్మిట్ దొరకడం కష్టం. వీళ్లు సంస్థ ద్వారానే వెళ్లి, తాము క్లాసు తీసుకునే బదులు ఆ సంఘంలోని కుర్ర టీచర్ల పక్కన కూర్చుని పాఠం ఎలా అల్లాలో, తప్పును నొప్పించకుండా ఎలా దిద్దాలో నేర్పాలి. వీసా గడువు తీరి వీళ్లు వచ్చేసినా మరుసటి సోమవారం అక్కడ క్లాసు జరుగుతుంది.